చెరిగిపోయిన చోటు కూడా గీయాలి: ఈజిప్టు సమాధి చిత్రాల నకళ్లు

ప్రాచీన ఈజిప్టు మీద వచ్చిన ఏ పుస్తకం తిరగేసినా కొన్ని బొమ్మలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. సెనెట్ ఆట పలక ముందు కూర్చున్న నెఫెర్తారి రాణి, నఖ్త్ సమాధిలో వాద్యాలు వాయిస్తున్న ముగ్గురు ఆడవాళ్లు, పరలోకపు పొలంలో దున్నుతూ పంట కోస్తూ ఉన్న సెన్నెజెమ్ దంపతులు. చూసినవాళ్లలో చాలామంది వీటిని గోడకు తీసిన ఫొటోలే అనుకుంటారు. కానీ ఆ పేజీల్లో ఉన్నవి చాలాసార్లు ఫొటోలు కావు, వందేళ్ల కిందట ఆ సమాధుల్లోనే కూర్చుని చేత్తో రంగులు వేసి తీసిన నకళ్లు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దగ్గర ఒక్కచోటే ఇలాంటివి 350 దాకా ఉన్నాయి. నెఫెర్తారి బొమ్మ నకలు నీనా డేవిస్ 1921-22లో వేసింది, సెన్నెజెమ్ పొలం నకలు చార్లెస్ విల్కిన్సన్ 1922లో వేశాడు.

నకలు అనగానే మనకు కొంచెం చిన్నచూపు ఉంటుంది. అసలు ఉండగా నకలెందుకు అంటాం. ఈజిప్టు సమాధుల విషయంలో ఈ మాట నిలబడదు, ఎందుకంటే చాలా గోడల మీద ఆ అసలు ఇప్పుడు లేదు, ఉన్నా అప్పుడున్నట్టు లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. నకలు వేసేవాళ్లు గోడ ముందు కూర్చున్నప్పుడు అడుగడుగునా ఏదో ఒకటి తేల్చుకోవాలి. పెచ్చు ఊడిన చోట ఏం చేయాలి? ఎవరో చెక్కేసిన ముఖాన్ని మళ్లీ గీయాలా, చెక్కేసినట్టే చూపించాలా? మసి పట్టిన నీలాన్ని నల్లగా వేయాలా, నీలంగా వేయాలా? నకలు మంచిదా కాదా అన్నది అందం మీద కాదు, ఈ ప్రశ్నలకు అది ఇచ్చిన జవాబు మీద ఆధారపడుతుంది.

ముందు ఆ గోడలు ఎలా తయారయ్యాయో చూడాలి. లక్సర్ ఎదురుగా నైలు నది పడమటి గట్టున ఉన్న కొండల్లో, పురాతన థీబ్స్ అధికారులు తమ సమాధులు తొలిపించుకున్నారు. అక్కడి సున్నపురాయి కొన్ని చోట్ల గట్టిగా, నున్నగా ఉంటుంది, అలాంటి చోట బొమ్మను రాతిలోనే చెక్కి రంగు వేశారు. చాలా చోట్ల రాయి పొరలు పొరలుగా ఊడిపోయే రకం. అలాంటి గోడకు మట్టీ గడ్డీ కలిపిన గార దట్టంగా మెత్తి, దాని మీద పలచగా తెల్లటి పూత పూసి, అది బాగా ఆరాక బొమ్మ వేశారు. ఎరుపు రంగులో ముంచిన తాడును గోడకు బిగించి లాగి వదిలితే గీత పడుతుంది, అలా గళ్లు కొట్టుకునేవాళ్లు. నిలబడిన మనిషిని నెత్తిన జుట్టు మొదలయ్యే చోటు నుంచి అరికాలి దాకా 18 గళ్లలో సరిపెట్టడం వాళ్ల లెక్క. ఎరుపుతో ముందు గీసిన గీతల్ని పెద్ద చిత్రకారుడు నలుపుతో దిద్దేవాడు. ఆ తర్వాతే రంగులు. ఎరుపుకు జేగురు, పసుపుకు పసుపు మట్టి లేదా తాళకం, నలుపుకు మసి, తెలుపుకు సున్నపురాయి పొడి లేదా జిప్సం. నీలం మాత్రం దొరికే రంగు కాదు, చేసుకోవాల్సిన రంగు: ఇసుక, సున్నం, రాగి కలిపి కొలిమిలో కాల్చి పొడి కొట్టేవాళ్లు. వీటన్నిటినీ జిగురుతోనో బంకతోనో కలిపి పూశారు. అంటే తడి సున్నం మీద వేసి దానిలోకి ఇంకిపోయేలా చేసిన రంగు కాదిది, ఆరిన గోడ మీద పైపైన అంటుకుని ఉన్న పొర. తడి గుడ్డ తగిలితే చాలు లేచి వచ్చేస్తుంది.

ఇంత సున్నితమైన దాన్ని మూడు వేల ఏళ్ల పాటు కాపాడింది ఎడారి పొడి గాలి, చీకటి, మనుషులు లేకపోవడం. మనుషులు వచ్చాక కథ మారింది. సమాధుల్లో కాపురాలు పెట్టినవాళ్ల పొయ్యి పొగ గోడల్ని నల్లగా చేసింది, గబ్బిలాలు పాడుచేశాయి, పురాతన వస్తువులు కొనేవాళ్ల కోసం బొమ్మల్ని రంపాలతో కోసేశారు. ఇక్కడ బాధ కలిగించే విషయం ఏమిటంటే, నకళ్ల కోసం వచ్చినవాళ్లు కూడా గోడల్ని పాడుచేశారు. ఇటలీ నుంచి వచ్చిన అన్వేషకుడు జొవాన్ని బెల్జోనీ 1817 అక్టోబరులో రాజుల లోయలో మొదటి సేతి సమాధిని కనుక్కున్నాడు. అప్పటిదాకా బయటపడ్డ వాటిలో అంత పెద్ద, అంత చక్కగా రంగులు నిలిచిన సమాధి ఇంకొకటి లేదు. ఆయన అలెస్సాండ్రో రిచ్చి అనే చిత్రకారుడితో కలిసి గోడలన్నిటికీ వాటర్ కలర్ బొమ్మలు వేశాడు, అంతవరకూ బాగానే ఉంది. కానీ ఉబ్బెత్తు బొమ్మలకు అచ్చులు తీయడానికి మైనం వాడాడు, ఆ మైనం ఒత్తి తీసిన చోట్ల రంగు దానితోపాటే వచ్చేసింది. 1821లో లండన్ పికడిల్లీలో ఆ అచ్చులతో పోతపోసిన గదులు జనం ముందు పెడితే విరగబడి చూశారు. వాళ్లు చూసిన రంగులు అసలు గోడ మీద అప్పటికే కొంత పోయాయి. తర్వాత వచ్చినవాళ్లు తడి కాగితం గోడకు అద్ది అచ్చు తీసే పద్ధతి పట్టుకున్నారు, ఆ తడికీ రంగు లేచింది. 1829లో షాంపోలియన్, రొసెల్లీని బృందం అదే సమాధి నుంచి రెండు ద్వారబంధాల పక్క రాళ్లను కోయించి తీసుకెళ్లింది. ఒకటి పారిస్ లూవ్ర్‌లో, ఇంకొకటి ఫ్లోరెన్స్‌లో ఉంది. చిత్రలిపిని చదవడం ప్రపంచానికి నేర్పిన మనిషే ఆ పని చేయించాడంటే, గోడను గోడగా ఉంచాలన్న ఆలోచన అప్పటికి ఎంత బలహీనంగా ఉండేదో అర్థమవుతుంది.

అదే కాలంలో గోడను ముట్టకుండా ఓపికగా గీసుకున్నవాళ్లూ ఉన్నారు. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ హే 1820, 30 దశకాల్లో చిత్రకారుల్ని జీతాలిచ్చి తెచ్చుకుని, కెమెరా లూసిడా అనే పట్టకం పరికరం సాయంతో కొలతలు తప్పకుండా గీయించాడు. ఆ కాగితాలు 49 సంపుటాలుగా ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. గార్డ్‌నర్ విల్కిన్సన్ ఏళ్ల తరబడి థీబ్స్‌లో ఒక సమాధిలోనే ఇల్లు పెట్టుకుని గీసుకున్నాడు. వీళ్లు గీసిన సమాధుల్లో కొన్ని తర్వాత కూలిపోయాయి, కొన్ని ఇళ్ల కిందా మట్టి కిందా కలిసిపోయి ఎక్కడున్నాయో కూడా తెలియకుండా పోయాయి. అలాంటి వాటికి ఈ కాగితాలే దిక్కు.

1890లో బ్రిటన్‌కు చెందిన ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ అనే సంస్థ సర్వే మొదలుపెట్టాక నకలు తీయడం ఒక క్రమమైన ఉద్యోగం అయింది. 1891లో ఆ పనికి బెనీ హసన్ వెళ్లిన కుర్రాడి వయసు 17. పేరు హోవర్డ్ కార్టర్. టుటన్‌ఖామున్ సమాధి కనుక్కున్న మనిషిగానే ఆయన్ని లోకం గుర్తుపెట్టుకుంది కానీ, బతుకుతెరువు మొదలైంది గోడ బొమ్మల నకళ్లతోనే. బెనీ హసన్‌లో అప్పుడు నడిచిన పద్ధతి ఏమిటంటే, గోడకు కాగితం అంటించి పెన్సిల్‌తో గీతలు దించుకుని, చుట్టలు చుట్టి లండన్ పంపడం. అక్కడ ఆ గోడను ఎన్నడూ చూడనివాళ్లు లోపల నలుపు నింపి చిన్నవి చేసి అచ్చేసేవాళ్లు. కార్టర్‌కు అది అస్సలు నచ్చలేదు. నచ్చకపోవడం న్యాయమే. గీతకు బలం ఎక్కడుందో, ఎక్కడ సన్నబడిందో గోడ ముందు ఉన్నవాడికి తెలుస్తుంది తప్ప సముద్రం అవతల బల్ల ముందు కూర్చున్నవాడికి తెలియదు. తర్వాత దేర్ ఎల్ బహరీలో హత్షెప్సుత్ ఆలయం గోడలు గీసినప్పుడు ఆయన ట్రేసింగ్ వదిలేసి, కళ్లతో చూసి చేత్తో గీసే పద్ధతికి మారాడు.

ఈ పనిని ఒక స్థాయికి తెచ్చింది మాత్రం డేవిస్ దంపతులు. నార్మన్ డేవిస్ అంతకుముందు చర్చి బోధకుడు. అమర్నా సమాధుల మీద 1903 నుంచి 1908 దాకా ఆరు సంపుటాలు తెచ్చాడు. 1907లో చిత్రకళ నేర్చుకున్న నీనాను పెళ్లి చేసుకున్నాడు, ఆ ఏడాదే ఇద్దరూ థీబ్స్ పడమటి గట్టుకు చేరారు. మెట్రోపాలిటన్ మ్యూజియం ఈజిప్టు యాత్రలో బొమ్మల విభాగం బాధ్యత నార్మన్‌ది. గీతల్లో ఆయన దిట్ట, రంగుల్లో ఆమె దిట్ట. 1939 దాకా దాదాపు ప్రతి చలికాలం అక్కడే గడిపారు.

అప్పటికే కెమెరా ఉంది కదా, ఇంకా చేత్తో వేయడం ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. అదే యాత్రలో హ్యారీ బర్టన్ అనే అద్భుతమైన ఫొటోగ్రాఫర్ ఉన్నాడు, ఆయన ఫొటోలు లేకపోతే టుటన్‌ఖామున్ సమాధి గురించి మనకు తెలిసింది సగం కూడా ఉండేది కాదు. కానీ ఆయన గాజు పలకలు నలుపు తెలుపులే. జేగురు ఎరుపు, ముదురు నీలం రెండూ ఆ ఫొటోలో ఇంచుమించు ఒకే బూడిద రంగులో పడతాయి. రంగు ఫొటో అప్పుడప్పుడే వస్తోంది, మ్యూజియంలో పెట్టేంత నమ్మకంగా గోడ సైజులో రంగు చూపించడం దానివల్ల కాదు. ఇంకో కారణం ఇంతకన్నా లోతైనది. ఫొటో మసిని, రంగుని, పగులుని, గీతని అన్నిటినీ ఒకేలా చూస్తుంది. చాలా గంటలు గోడ ముందు కూర్చున్న మనిషి కన్ను ఇది కుంచె గీత, ఇది గార చీలిక, ఇది గబ్బిలం చేసిన మరక అని విడదీయగలదు. నిజంగానే ఈ పనిలో అసలు నైపుణ్యం చేతిది కాదు, ఆ విడదీసే కన్నుది.

నీనా పని చేసిన తీరు దగ్గర నుంచి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ముందు వెలుతురు సంగతి. దీపం పెడితే పొగ, పైగా దీపం కాంతిలో పసుపు తెలుపై కనిపిస్తుంది. అందుకని సమాధి వాకిట్లో అద్దం పెట్టి ఎండను లోపలికి మళ్లించేవాళ్లు. లోపల ఇంకో అద్దమో తెల్లటి పలకో పెట్టి గోడ మీదికి మెత్తగా పడేలా చేసేవాళ్లు. సూర్యుడు కదులుతుంటాడు కాబట్టి అద్దం తిప్పుతూ ఉండడానికే ఒక మనిషి కావాలి. తర్వాత అవుట్‌లైన్ ట్రేసింగ్ తీసుకుని మందపాటి కాగితం మీదికి దించుకోవడం, చాలాసార్లు అసలు సైజులోనే. ఆ తర్వాత రంగు. మామూలుగా ఇలాంటి పనికి అందరూ వాటర్ కలర్ వాడేవాళ్లు. వాటర్ కలర్‌లో కింది కాగితం తెలుపు పైకి కనిపిస్తుంది, రంగు తేలిగ్గా, గాజులా ఉంటుంది. ఈజిప్టు గోడ అలా ఉండదు, అక్కడ రంగు మట్టిలా మందంగా, వెలుగును లోపలికి రానివ్వకుండా ఉంటుంది. అందుకే మెట్రోపాలిటన్ చిత్రకారులు గుడ్డు సొనతో కలిపే టెంపెరాకు మారారు. పాత చిత్రకారుడు గోడ మీద ఏ వరసలో వేశాడో ఆమె కాగితం మీద అదే వరసలో వేసింది: ముందు వెనక రంగు మొత్తం పూయడం, దాని మీద ఒంటి రంగులు, బట్టలు, చివర్న ఎర్రటి హద్దు గీత. పలచటి నార బట్ట లోంచి ఒళ్లు కనిపించే చోట తెలుపు పొర కింద గోధుమ రంగు ముందే ఉండాలి, పైనుంచి కలిపితే ఆ మెరుపు రాదు. పక్షి ఈకల్లో కుంచె ఆగి మళ్లీ మొదలైన చోట్లు కూడా ఆమె నకళ్లలో కనిపిస్తాయి. అంటే బొమ్మను మాత్రమే కాదు, బొమ్మ వేసిన తీరును కూడా నకలు తీసింది. ఈ విషయంలో ఆమె సాటి ఇంకెవరూ లేరనడం అతిశయోక్తి కాదు.

ఇక పెచ్చులు ఊడిన చోట్ల సంగతి. ఇక్కడే నకలు వేసేవాళ్లకు అసలు పరీక్ష. చూసేవాళ్లకు నిండు బొమ్మ నచ్చుతుంది, డబ్బులిచ్చే మ్యూజియంకూ గోడకు తగిలించుకోవడానికి అదే బాగుంటుంది. పక్క బొమ్మను చూసి లేని చెయ్యి కలపడం చేయి తిరిగిన చిత్రకారులకు క్షణాల పని. అయినా డేవిస్ దంపతులు చాలా చోట్ల ఊడిన గారను ఊడినట్టే, బయటపడ్డ రాయిని రాయి రంగులోనే వేశారు. అక్కడక్కడ చిన్న లోపాల్ని సరిదిద్దిన సందర్భాలూ ఉన్నాయి, అన్ని నకళ్లనూ ఒకే గాటన కట్టలేం. కానీ పాడైన చోటును కూడా బొమ్మలో భాగంగా చూడాలన్న పట్టుదల వాళ్ల పనిలో స్పష్టంగా ఉంది.

అది ఎందుకు అంత ముఖ్యమో మెన్నా సమాధి చెబుతుంది. మెన్నా పొలాల లెక్కలు చూసే అధికారి, పద్దెనిమిదో రాజవంశం కాలంవాడు. ఆయన సమాధి థీబ్స్‌లో రంగులు బాగా నిలిచిన వాటిలో ఒకటి. పొలం కొలిచేవాళ్లు తాడు పట్టుకుని పైరు మధ్య నడవడం, కళ్లంలో ధాన్యం కొలవడం, చిత్తడి నేలలో కుటుంబంతో వేట, అన్నీ ఉన్నాయి. కానీ చాలా చోట్ల మెన్నా కళ్లను ఎవరో పొడిచేశారు. అది ఊరికే పాడవడం కాదు, పక్కనున్న నౌకర్ల ముఖాలు చాలావరకు చెక్కుచెదరలేదు. ఈజిప్టువాళ్ల నమ్మకం ప్రకారం గోడ మీది బొమ్మే చనిపోయినవాడికి ఆధారం, దాని కన్ను పోతే అవతలి లోకంలో వాడికి చూపు పోతుంది. మెన్నాకు శత్రువులు ఉండి ఉండాలి, వాళ్లు ఆయన చచ్చాక కూడా వదల్లేదు. ఆ పగ గురించి ఎక్కడా రాసి లేదు, ఆ గుంటలే దానికి సాక్ష్యం. ఇప్పుడు నకలు వేసేవాళ్లెవరైనా బొమ్మ అందంగా రావాలని ఆ కన్ను పూరించారనుకోండి, ఒక పెద్దమనిషి కుటుంబంతో సరదాగా వేటాడుతున్న బొమ్మ మిగులుతుంది, ఆయన జీవితంలోని అతి పెద్ద విషయం మాయమైపోతుంది. ఇలాంటిదే ఇంకొకటి, ఆమున్‌ను కాదని ఆటన్ అనే ఒక్క దేవుణ్ణే నిలబెట్టిన అఖెనాటన్ రాజు కాలంలో, ఆమున్ పేరును చాలా సమాధుల్లో చెక్కేశారు. ఆ ఖాళీలు మతాల మధ్య జరిగిన గొడవకు గుర్తులు. వాటిని పూరించడమంటే చరిత్రలో ఒక అధ్యాయాన్ని చించేయడమే.

నెబామున్ అనే అధికారి సమాధి చిత్రాల కథ ఇంకో రకం. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఈ 11 ముక్కలు ఈజిప్టు చిత్రకళలోకెల్లా గొప్పవని చాలామంది అంటారు. 1820 ప్రాంతంలో ఈజిప్టులో బ్రిటిష్ కాన్సల్‌గా ఉన్న హెన్రీ సాల్ట్ తరఫున పనిచేసిన జొవాన్ని దథనాసీ వాటిని గోడ నుంచి కోయించాడు. కోసిన సమాధి ఎక్కడుందో సరిగా రాసిపెట్టలేదు, ఇప్పటికీ దొరకలేదు. చిత్తడి నేలలో వేట బొమ్మలో నెబామున్ పక్కన ఒక పిల్లి పక్షుల మీదికి దూకుతుంది. ముందు కాళ్లతో ఒకదాన్ని, వెనక కాళ్లతో ఒకదాన్ని, నోటితో ఇంకొకదాన్ని పట్టింది. దాని ఒంటి మీద చారల్ని చిత్రకారుడు పొట్టి పొట్టి గీతలుగా ఒకదాని మీద ఒకటి పరిచాడు. కంటికి బంగారు రేకు అద్దాడు. నీనా మ్యూజియంలో కూర్చుని ఈ ముక్కలకూ నకళ్లు తీసింది. చారలు, ఈకలు, సీతాకోకచిలుకలు, అన్నీ చక్కగా వచ్చాయి. కానీ బంగారం మెరుపు ఏ రంగుతోనూ రాదు, ఏ ముద్రణలోనూ రాదు, దానికి అసలు ముక్క ముందు నిలబడాల్సిందే. నకళ్లకు కూడా ఒక హద్దు ఉంది.

హద్దు అంటే ఇంకో పెద్ద హద్దు గురించీ చెప్పుకోవాలి. నీనా నకళ్లతో, ఈజిప్టు పండితుడు అలన్ గార్డినర్ పూనికతో 1936లో 104 పలకల పెద్ద పుస్తకం వచ్చింది. ఈజిప్టు చిత్రకళ అంటే ఇది అని లోకం అనుకోవడానికి ఆ పుస్తకమే చాలావరకు కారణం. అందులో ఉన్నవి ఏరిన బొమ్మలు. గోడ మొత్తంలోంచి ఒక చక్కటి ముక్క, ఇద్దరు ఆడపిల్లలు, ఒక బాతుల గుంపు, అలా తీసి పెట్టినవి. సమాధిలో అదే ముక్కకు పైనా కిందా వరసలు ఉంటాయి, పక్కన రాతలు ఉంటాయి, చనిపోయినవాడికి నైవేద్యం పెట్టే బల్ల వైపే అన్నీ నడుస్తూ ఉంటాయి. ఆ సందర్భం నుంచి విడదీసి చట్రంలో బిగిస్తే అది మన కాలపు పెయింటింగ్ లాగా కనిపించడం మొదలవుతుంది. నఖ్త్ సమాధి వాద్యగత్తెల బొమ్మ ఇన్ని లక్షల చోట్ల అచ్చయింది కదా, వాళ్లు వాయిస్తున్నది ఎవరి విందులో, ఆ విందు ఏ పండుగది అని అడిగేవాళ్లు తక్కువ. ఇది నీనా తప్పు కాదు, నార్మన్ వేరే సంపుటాల్లో గోడలన్నిటినీ గీతల్లో పూర్తిగా ఇచ్చాడు. కానీ రంగు బొమ్మ ముందు గీత బొమ్మను ఎవరు చూస్తారు?

నఖ్త్ సమాధి మాట వచ్చింది కాబట్టి అక్కడ జరిగిన ఒక నష్టం. తవ్వకాల్లో అక్కడ నఖ్త్ మోకరిల్లి పలక పట్టుకున్న చిన్న రంగుల విగ్రహం దొరికింది. 1915లో దాన్ని న్యూయార్క్‌కు అరబిక్ అనే ఓడలో పంపితే, ఆగస్టులో జర్మన్ జలాంతర్గామి ఆ ఓడను ముంచేసింది. విగ్రహం సముద్రం పాలైంది. 1917లో డేవిస్ అచ్చేసిన నఖ్త్ సంపుటం, ముందే తీసి ఉంచిన ఫొటోలు, ఇవే దానికి మిగిలిన ఆధారం.

లక్సర్, కైరో బజార్లలో పర్యాటకులకు అమ్మే పపైరస్ బొమ్మల గురించి ఒక్క మాట. అవి కూడా నకళ్లే, కానీ ఎక్కువగా నకలుకు నకలు తీసినవి. గోడ బొమ్మనూ పపైరస్ చుట్ట మీది బొమ్మనూ కలిపేస్తారు, రంగులు బాగా దట్టిస్తారు, చవగ్గా దొరికేవి చాలావరకు పపైరస్ కూడా కాదు, అరటి నార. గుర్తుగా ఇంటికి తెచ్చుకుంటే తప్పులేదు, వాటిని చూసి ఈజిప్టు రంగులు ఇంత గాఢంగా ఉంటాయని మాత్రం అనుకోకూడదు.

ఈ కథ చదువుతుంటే తెలుగువాళ్లకు అజంతా గుర్తురాక మానదు. అప్పట్లో అజంతా నిజాం రాజ్యంలో ఉండేది. మద్రాసు సైన్యం మేజర్ రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్లకేళ్లు నకళ్లు వేశాడు, 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో అగ్ని ప్రమాదంలో అవి దాదాపు అన్నీ కాలిపోయాయి. బొంబాయి జె.జె. స్కూల్ నుంచి జాన్ గ్రిఫిత్స్ 1872లో మళ్లీ మొదలుపెట్టి 1885 దాకా విద్యార్థులతో వేయించాడు, వాటిలోనూ కొంత భాగం లండన్‌లోనే నిప్పుకు ఆహుతైంది. పైగా రంగులు స్పష్టంగా కనిపించాలని గోడకు వార్నిష్ పూశారు, అది పసుపెక్కి, దుమ్ము పట్టి కొత్త తలనొప్పి తెచ్చింది. బెల్జోనీ మైనం చేసిన పనే ఇక్కడ వార్నిష్ చేసింది. తర్వాత 1909-11 మధ్య ఇంగ్లండ్ చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ నకళ్ల కోసం వచ్చినప్పుడు నందలాల్ బోస్, అసిత్ హల్దార్, వెంకటప్పలతో పాటు హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ ఆ పనిలో ఉన్నారు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా నకళ్లు ఉన్నాయి, అదే మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ కూడా ఉంది. మమ్మీ ముందు ఎప్పుడూ జనం ఉంటారు. అజంతా నకళ్ల ముందు కూడా కాసేపు ఆగాల్సింది.

నెఫెర్తారి సమాధికి మళ్లీ వద్దాం. 1904లో ఇటలీకి చెందిన స్కియాపరెల్లీ దాన్ని తెరిచినప్పటికే గోడలు దెబ్బతిని ఉన్నాయి. రాతిలోని ఉప్పు తేమకు కరిగి, మళ్లీ గడ్డకడుతూ గార వెనక పలకలుగా పేరుకుని రంగు పొరను బయటికి తోసేస్తుంది. 1986 నుంచి 1992 దాకా అమెరికాకు చెందిన గెట్టీ సంస్థ, ఈజిప్టు పురావస్తు శాఖ కలిసి దాన్ని నిలబెట్టాయి. పాత ఫొటోలు, పాత నకళ్లు పక్కన పెట్టుకుంటే ఎక్కడ ఎంత ఊడిందో లెక్క కట్టగలిగారు. ఊడిన చోట కొత్తగా బొమ్మ వేయకూడదన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. నకళ్లు చూసి పూరించడం వాళ్లకు చేతకాక కాదు. నకలు పని గోడను సాక్ష్యంగా నిలపడమే తప్ప గోడ మీద కూర్చోవడం కాదని తెలిసినవాళ్లు కాబట్టి.

ఇప్పుడు కుంచె స్థానంలో స్కానర్ వచ్చింది. మాడ్రిడ్‌లోని ఫాక్టమ్ సంస్థ 2009లో టుటన్‌ఖామున్ సమాధి గదిని లేజర్‌తో, గోడను ముట్టకుండా కొలిచింది. ఆ కొలతలతో గోడ ఎత్తుపల్లాలన్నీ మరచెక్కుడుతో తీసి, పలుచటి సాగే పొర మీద రంగు ముద్రించి, దాన్ని ఆ ఎత్తుపల్లాలకు సరిగ్గా అతికించారు. 2014లో కార్టర్ ఇంటి పక్కన ఆ గది తెరిచారు. సందర్శకుల ఊపిరి తేమ, వాళ్లు లేపే దుమ్ము అసలు గదికి హాని చేస్తాయి కాబట్టి కొందరైనా ఇటు మళ్లితే మేలన్నది ఆలోచన. గోడల మీద ముదురు గోధుమ రంగు మచ్చలు ఉంటాయి, 1922లో తెరిచినప్పుడే ఉన్నవి. అవి సూక్ష్మజీవుల వల్ల వచ్చినవనీ, ఆ జీవులు ఎప్పుడో చచ్చిపోయాయనీ, బర్టన్ ఫొటోలతో పోలిస్తే మచ్చలు పెరగలేదనీ గెట్టీ వాళ్ల పరిశీలనలో తేలింది. నకలు గదిలో ఆ మచ్చలన్నిటినీ అలాగే ముద్రించారు. కంప్యూటర్‌లో వాటిని తుడిచేయడం ఎంత తేలికో తెలిసీ ఉంచారు.

అదే గదిలో ఇంకో తేల్చుకోవాల్సిన విషయం వచ్చింది. లోపలి బంగారు పూత మందసాలను బయటికి తేవడానికి కార్టర్ బృందం దక్షిణపు గోడలో కొంత భాగాన్ని తొలగించింది. ఆ భాగం మీద ఐసిస్ దేవత, ఆమె వెనక ముగ్గురు చిన్న దేవతలు ఉన్నారు. ఇప్పుడు దానికి ఆధారం బర్టన్ తీసిన నలుపు తెలుపు ఫొటో. ఫాక్టమ్ వాళ్లు ఆ ఫొటో చూసి, మిగిలిన గోడల రంగులు చూసి ఆ ముక్కను కూడా తయారుచేశారు, అయితే ఇది స్కాన్ చేసింది కాదు, ఊహించి పునర్నిర్మించింది అని తెలిసేలా విడిగా పెట్టారు. సేతి సమాధిని కూడా వాళ్లు స్కాన్ చేయడం మొదలుపెట్టారు. 2017లో, బెల్జోనీ దాన్ని కనుక్కున్న 200 ఏళ్లకు, ఆ సమాధి గదుల నకళ్లను స్విట్జర్లండ్‌లోని బాసెల్ మ్యూజియంలో పెట్టారు. అవి పూర్తి కావాలంటే థీబ్స్ గోడ ఒక్కటే సరిపోదు, లూవ్ర్‌లో, ఫ్లోరెన్స్‌లో, ఇంకా ఇతర మ్యూజియాల్లో చెదిరిపోయిన ముక్కల్ని అక్కడికక్కడే కొలిచి తెచ్చి కలపాలి. బెల్జోనీ, రిచ్చి వేసిన వాటర్ కలర్లు ఇప్పుడు బ్రిస్టల్ మ్యూజియంలో ఉన్నాయి. మైనం తినేసిన రంగు ఏదో తెలుసుకోవడానికి అందరూ ఆ కాగితాల దగ్గరికే వెళ్లాల్సి వస్తోంది.